పని ఒకరిది, మాట ఒకరిది

కూలి తక్కువిచ్చారన్న ఫిర్యాదు మన సాహిత్యంలో కొత్తదేమీ కాదు. ఆ ఫిర్యాదు ఎవరి ముందు పెట్టాలి, పెడితే వినేదెవరు అన్న ప్రశ్నను మాత్రం రచయితలు ఒక్కో కాలంలో ఒక్కో తీరుగా పట్టుకున్నారు.

ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఉండగా రాసిన ‘మాలపల్లి’ 1922లో అచ్చయింది. అందులో పాలేళ్లు, కూలీలు కలిసి కూలి గురించి నోరు విప్పుతారు. వాళ్లను కూడగట్టిన సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణం వదులుతాడు. అడగడానికి ఊళ్లో చోటే లేదు. ఆ సంగతి చెప్పిన పుస్తకానికీ చోటు లేకపోయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

తెలంగాణ గడీల సంగతి దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో చూస్తాం. అక్కడ వెట్టికి కూలి లేదు కాబట్టి బేరం కూడా లేదు. దొర అంటాడు, మిగతావాళ్లు చేస్తారు.

ఆఫీసుకొస్తే రావిశాస్త్రి ‘అల్పజీవి’. గుమాస్తా సుబ్బయ్యను ఎవరూ కొట్టరు, జీతం ఎగ్గొట్టరు. అయినా పై అధికారి అంటే భయం, అప్పిచ్చిన కంట్రాక్టరు గవరయ్య అంటే భయం, ఇంట్లో భార్య అన్నా భయమే. చెప్పాల్సిన జవాబులన్నీ మనసులో గింగిరాలు తిరుగుతాయి తప్ప గొంతు దాటవు. ఫైళ్ల మధ్య బతికినవాళ్లకు ఈ సుబ్బయ్య బాగా తెలిసినవాడే.

నా లెక్కలో వీటన్నిటికన్నా లోతైనది కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’. 1966లో ‘యువ’ పత్రికలో వచ్చింది. సుందరపాలెంలో అప్పల్రాముడి పాత బాకీ మీద పంచాయితీ కూర్చుంటుంది. పెద్దమనిషి శ్రీరాములు నాయుడు కేకలు వేసే రకం కాదు, ఊరికి మంచి చేసినవాడని పేరు. అప్పిచ్చిన గోపన్న కూడా చితికిపోయినవాడే. అందరికీ మాట్లాడే వంతు వస్తుంది. అప్పల్రాముడు కూడా తన గోడు చెప్పుకుంటాడు: ఊరు బాగుపడింది, ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన తన ఇంట్లో అప్పు ఎందుకు మిగిలిందని. అందరూ విన్నారు. తీర్పు మాత్రం అప్పు పత్రం వైపే ఒరిగింది, అతను ఒప్పుకున్నాడు. కొడుకు సీతారాముడు ఒప్పుకోలేదు. తన బిడ్డ ఆ అప్పు కింద బానిసగా బతక్కూడదని పసివాణ్ని తన చేత్తోనే నరికేశాడు. ముగింపు మీద విమర్శకులు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. నన్ను వేధించేది అంతకుముందు నడిచిన ఆ మర్యాదైన సభ. ఎవరూ దౌర్జన్యం చేయలేదు, అన్యాయం మాత్రం పద్ధతిగా జరిగిపోయింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది ఆ తర్వాత పదేళ్లకు, 1976లో.

ఇంటిపనిని పనిగా చూడటం ఇంకా ఆలస్యమైంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో ఇల్లాలు అలికి అలికి తన పేరే మరిచిపోతుంది. పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలిస్తే గాని గుర్తుకు రాదు. జీతం లేని ఆ కొలువులో ఫిర్యాదు పెట్టె కూడా లేదు మరి!

ఇవాళ డెలివరీ కుర్రాడికి పని చెప్పేది ఫోను. కూలి కోసినా, పని ఆపేసినా అందులోనే ఒక సందేశం వస్తుంది. ఎదురు అడగడానికి మనిషి దొరకడు. రాసేవాళ్లు అతని పక్కన కూర్చుని నాలుగు మాటలు వినాలి. రాసేముందు ‘యజ్ఞం’లోని పంచాయితీ ఘట్టం మరొక్కసారి చదవాలి.