స్వయం ఉపాధి పన్ను బకాయి (అమెరికా)

స్వయం ఉపాధి పన్ను అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సొంతంగా పనిచేసి సంపాదించేవారు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పథకాల కొరకు ఫెడరల్ ప్రభుత్వానికి చెల్లించే పన్ను. దీనిని వసూలు చేసే సంస్థ ఇంటర్నల్ రెవిన్యూ సర్వీస్ (ఐ.ఆర్.ఎస్.). గడువులోగా పూర్తి సొమ్ము చెల్లించలేనివారి కొరకు వాయిదాలు, రాజీ, వసూలు నిలుపుదల అనే ఏర్పాట్లు ఉన్నాయి. వీటిని పొందాలంటే సాధారణంగా ముందుగా పన్ను రిటర్ను దాఖలు చేసి ఉండాలి.

పన్ను స్వరూపం

ఉద్యోగుల విషయంలో ఈ పథకాలకు చెల్లించవలసిన సొమ్ములో సగం యజమాని భరిస్తాడు. మిగిలిన సగం జీతం నుండి ముందే మినహాయించబడుతుంది. స్వయం ఉపాధిలో ఉన్నవారు రెండు భాగాలనూ తామే చెల్లించాలి. పన్ను రేటు 15.3 శాతం. ఇందులో 12.4 శాతం సోషల్ సెక్యూరిటీకి, 2.9 శాతం మెడికేర్‌కు చెందుతుంది. ఏడాదికి 400 డాలర్లు లేదా అంతకు మించి నికర ఆదాయం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. నికర ఆదాయంలో 92.35 శాతంపై పన్ను లెక్కిస్తారు. ఉదాహరణకు 40,000 డాలర్ల నికర ఆదాయంపై ఈ పన్ను సుమారు 5,652 డాలర్లు. ఆదాయపు పన్ను దీనికి అదనం. 1950 నాటి చట్ట సవరణల ఫలితంగా 1951 నుండి స్వయం ఉపాధిలో ఉన్నవారు సోషల్ సెక్యూరిటీ పరిధిలోకి వచ్చారు.

బకాయి ఏర్పడే విధము

సొంతంగా పనిచేసేవారి రాబడి నుండి పన్నును ముందుగా మినహాయించేవారు ఎవరూ ఉండరు. అందువలన వారు తమ పన్నును తామే అంచనా వేసి ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, మరుసటి జనవరి 15 తేదీలలో నాలుగు విడతలుగా చెల్లించాలి. ఈ సొమ్మును వేరుగా ఉంచక ఇంటి ఖర్చులకో, వ్యాపార పెట్టుబడికో వాడుకున్నప్పుడు రిటర్ను వేసే నాటికి పెద్ద మొత్తం బాకీ తేలుతుంది. కొత్తగా వృత్తి ప్రారంభించినవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది.

జరిమానాలు, వడ్డీ

రిటర్ను దాఖలు చేయకపోవడం, పన్ను చెల్లించకపోవడం రెండు వేర్వేరు తప్పులు.

* దాఖలు చేయనందుకు జరిమానా: చెల్లించని పన్నుపై నెలకు 5 శాతం, గరిష్ఠంగా 25 శాతం.
* చెల్లించనందుకు జరిమానా: నెలకు 0.5 శాతం, గరిష్ఠంగా 25 శాతం.

రెండూ ఒకే నెలలో వర్తిస్తే మొత్తం 5 శాతానికి మించదు. 10,000 డాలర్లు బాకీ ఉన్న వ్యక్తి సకాలంలో రిటర్ను వేసి, చెల్లింపులో ఐదు నెలలు ఆలస్యం చేస్తే జరిమానా 250 డాలర్లు అవుతుంది. అదే వ్యక్తి ఐదు నెలలు రిటర్ను కూడా వేయకుంటే అది 2,500 డాలర్లకు చేరుతుంది. వీటికి తోడు ప్రతిరోజూ చక్రవడ్డీ పెరుగుతుంది. ఫారం 4868 ద్వారా రిటర్ను గడువును అక్టోబరు 15 వరకు పొడిగించుకొనవచ్చు గాని, చెల్లింపు గడువు మారదు. గత మూడేళ్ళ రికార్డు సరిగా ఉన్నవారు జరిమానా మాఫీ కోరవచ్చు.

చెల్లింపు మార్గాలు

* స్వల్పకాలిక గడువు: 180 రోజుల లోపు పూర్తిగా చెల్లించగలవారికి. దీనికి నమోదు రుసుము లేదు.
* వాయిదాల ఒప్పందం: నెలవారీ చెల్లింపు. పన్ను, జరిమానా, వడ్డీ కలిపి 50,000 డాలర్ల లోపు ఉన్న వ్యక్తులు ఆన్‌లైన్‌లో గాని, ఫారం 9465 ద్వారా గాని కోరవచ్చు. సకాలంలో రిటర్ను వేసినవారికి ఒప్పందం అమలులో ఉన్నంతకాలం చెల్లించనందుకు జరిమానా నెలకు 0.25 శాతానికి తగ్గుతుంది. వడ్డీ మాత్రం ఆగదు.
* రాజీ ప్రతిపాదన: ఆస్తులు, ఆదాయం చూసి పూర్తి బాకీ రాబట్టడం సాధ్యం కాదని తేలితే తక్కువ సొమ్ముకు పరిష్కరిస్తారు. ఒకేసారి చెల్లించే పద్ధతిలో ప్రతిపాదించిన సొమ్ములో 20 శాతం దరఖాస్తుతోనే కట్టాలి. అల్పాదాయం గలవారికి మినహాయింపు ఉంది.
* వసూలు నిలుపుదల: కనీస జీవనావసరాలకు మించి ఏమీ మిగలనివారి విషయంలో వసూలును తాత్కాలికంగా ఆపుతారు. బాకీ రద్దు కాదు.

వాయిదాలు కడుతున్న కాలంలోనే ప్రస్తుత సంవత్సరపు విడతలను కూడా చెల్లించాలి. కొత్త బాకీ ఏర్పడితే ఒప్పందం రద్దు కావచ్చు. తిరిగి రావలసిన పన్ను ఏదైనా ఉంటే పాత బాకీకి జమ చేస్తారు.

వసూలు చర్యలు

నోటీసులకు స్పందించనివారి బ్యాంకు ఖాతాను, రాబడిని జప్తు చేసే అధికారం ఐ.ఆర్.ఎస్.కు ఉంది. జప్తుకు ముందు నోటీసు ఇస్తారు. దానిపై విచారణ కోరడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది. పన్ను నిర్ధారించిన నాటి నుండి సాధారణంగా పదేళ్ళ వరకు వసూలు చేయవచ్చు. రిటర్ను వేయనివారి విషయంలో నిర్ధారణ జరిగే వరకు ఈ కాలం మొదలు కాదు.

పింఛనుపై ప్రభావం

సోషల్ సెక్యూరిటీ వృద్ధాప్య పింఛనుకు 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు. స్వయం ఉపాధి ఆదాయాన్ని ఆ సంవత్సరం ముగిసిన 3 సంవత్సరాల 3 నెలల 15 రోజుల లోపు రిటర్నులో చూపకపోతే సాధారణంగా ఆ ఏటి సంపాదన పింఛను ఖాతాలో చేరదు. కాబట్టి కట్టలేమన్న భయంతో రిటర్ను వేయడం మానినవారు జరిమానాతో పాటు వృద్ధాప్యపు ఆధారాన్ని కూడా కోల్పోయే ప్రమాదం ఉంది.

ఇవి కూడా చూడండి

* ఆదాయపు పన్ను
* సోషల్ సెక్యూరిటీ
* మెడికేర్