ఇంకా కరగని బిళ్ల

పేలని బాంబును వెతికే యంత్రానికి తాతలాంటిది 1881లో వాషింగ్టన్‌లో ఒక రోగి మంచం పక్కన పనిచేసింది. అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో తేల్చడానికి గ్రాహం బెల్ తీగచుట్టల పరికరం పట్టుకొచ్చాడు. తూటా దొరకలేదు. పరుపులోని స్ప్రింగులే అడ్డుపడ్డాయంటారు.

తీగచుట్టలతో లోహాన్ని పసిగట్టే ఆ సూత్రాన్ని సైనికుడి చేతికి అందించినవాడు పోలండ్ ఇంజినీరు యూజెఫ్ కొసాట్స్కీ. హిట్లర్ సేనలు దేశాన్ని ఆక్రమించాక బ్రిటన్ చేరి, మందుపాతరలను పసిగట్టే డిటెక్టర్ తయారుచేశాడు. 1942లో ఎల్ అలమైన్ పోరుకు అవి 500 దాకా వెళ్లాయి. పేటెంటు అడగకుండా సైన్యానికి ఇచ్చేశాడు. దక్కిందల్లా రాజుగారి కృతజ్ఞతా లేఖ!

మందుపాతర జానెడు లోతున ఉంటుంది. విమానం వదిలిన బాంబు మెత్తటి నేలలో మీటర్ల కొద్దీ దిగిపోతుంది. అంత లోతుకు తీగచుట్ట చూపు ఆనదు. అయితే పెద్ద ఇనుపముద్ద తన చుట్టూ భూమి అయస్కాంత క్షేత్రాన్ని కాస్త వంకర చేస్తుంది. ఆ వంకరను కొలిచే సాధనాన్ని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ ఫోర్‌స్టర్ రూపొందించాడు. నగరాల్లో పైపులు, పట్టాలు దాన్ని తికమకపెడతాయి కనుక, వరుసగా బోర్లు వేసి లోపలికి దించి చూస్తారు.

జర్మనీలో ఏ వీధిలో వెతకాలో చెప్పేది మాత్రం ఒకనాటి శత్రువు తీసిన ఫొటో. రెండో ప్రపంచ యుద్ధంలో దాడి ఎంత ఫలించిందో చూసుకోవడానికి బ్రిటిష్, అమెరికన్ విమానాలు తీసిపెట్టుకున్నవే. పేలినచోట పెద్ద గొయ్యి, పేలనిచోట చిన్న చుక్క. వేసినవాడి దగ్గరే ఫొటోలు కొనుక్కుని జర్మనీ ఆ చుక్కలు లెక్కపెట్టుకుంటోంది.

బెర్లిన్‌కు ఉత్తరాన ఉన్న ఓరానియెన్‌బుర్గ్‌లో ఈ పని ఇప్పటికీ తెగడం లేదు. అక్కడి యురేనియం కర్మాగారం సోవియట్ల చేతికి చిక్కకూడదని 1945 మార్చి 15న అమెరికా బాంబులు కురిపించింది. చాలావాటికి ఆలస్యంగా పేలే రసాయన ఫ్యూజులు. తోక దగ్గర గాజుగుళికలో అసిటోన్ ఉంటుంది. గుళిక పగిలి, అసిటోన్ కారి, సెల్యులాయిడ్ బిళ్లను కరిగిస్తే, బిళ్ల ఆపి ఉంచిన సూది వదులై బాంబు పేలాలి. గంటలు పట్టొచ్చు, రోజులు పట్టొచ్చు. మంటలార్పడానికి, శిథిలాలు తీయడానికి వచ్చినవాళ్లను కూడా వదలకూడదన్నది దాని లెక్క. ఇంతకన్నా కర్కశమైన ఆలోచన ఉంటుందా?

అయితే ఓరానియెన్‌బుర్గ్ ఇసుకలో దిగిన బాంబులు అడుగున గులకరాళ్ల పొరకు తగిలి ముక్కు పైకెత్తి ఆగాయి. అసిటోన్ బిళ్లకు దూరంగా జారిపోయింది. బిళ్ల కరగకుండా మిగిలింది కానీ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతోంది. అందుకే ఈ రకం బాంబు పాతబడితే ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. 2010 జూన్ 1న గొట్టింగెన్‌లో అలాంటిదొకటి నిర్వీర్యం చేసే సన్నాహాల్లో ఉండగానే పేలి ముగ్గురు సిబ్బందిని బలితీసుకుంది.

కొన్నిసార్లు ఇక కదపకుండా ఉన్నచోటే పేల్చేస్తారు. 2012 ఆగస్టులో మ్యూనిక్‌లో అలాగే చేశారు. పేలుడు ధాటి తగ్గించడానికి గడ్డిమోపులు కప్పితే, అవే అంటుకుని ఎగిరి పక్క ఇళ్ల పైకప్పులను కాల్చాయి.