పశువు ఒళ్లు చూసి, మేత చూసుకుని: పాడి యూనిట్ తీసుకునే ముందు తెలుసుకోవాల్సినవి

మా ఇంటికి సబ్సిడీ గేదె వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. దాన్ని ఎంచింది మా అమ్మ కాదు. దళారీ ముందే మాట్లాడి ఉంచిన గేదె తాడు ఆమె చేతికిచ్చారు, ఆమె వేలిముద్ర వేసింది. నాలుగో నెలకే గేదె వట్టిపోయింది. కిస్తీలు మాత్రం మూడేళ్లు కట్టాం.

పశువుల్ని మేపింది, జీతానికుండి కాసింది, చచ్చాక తోలు తీసింది మన వాళ్లే. పశువు ఒంటి గురించి వాడకు తెలిసినంత ఊరికి తెలియదు. అయినా కొనేటప్పుడు ఎంపిక చేసే హక్కు మనకు దక్కదు. ఆ హక్కు అడగాలంటే ఏం చూడాలో, ఎందుకు చూడాలో చెప్పగలగాలి. లబ్ధిదారులతో సంతకు వెళ్లే కార్యకర్తల కోసం ఈ వ్యాసం.

ఒంటి కండను అంచనా వేయడం

పశువైద్యులు పశువు ఒంటి స్థితికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. ఇది బరువు కొలత కాదు. చర్మం కింద ఎంత కొవ్వు నిల్వ ఉందో చెప్పే కొలత. పశువు వెనక నిలబడి తోక మొదలు, తుంటి ఎముకలు, నడుము చూడాలి. తర్వాత చేత్తో నొక్కి చూడాలి. గేదె తోలు మందం కాబట్టి కంటిని నమ్మకూడదు, చేయి వేయాల్సిందే.

1: వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. తోక మొదలు దగ్గర లోతైన గుంట ఉంటుంది.
2: ఎముకలు పైకి కనిపిస్తాయి, కానీ అంచులు మరీ పదునుగా ఉండవు.
3: ఎముకలు కనిపించవు, కాస్త నొక్కితే తగులుతాయి. తోక పక్కన గుంట ఉండదు.
4: గట్టిగా నొక్కితేగానీ ఎముక తగలదు.
5: తోక మొదలు కొవ్వులో పూడిపోయి ఉంటుంది.

ఈనే సమయానికి 3 నుంచి 3.5 ఉండటం మంచిది. ఈనాక పాలకోసం ఒంట్లో కొవ్వు కరుగుతుంది కాబట్టి అర మార్కు తగ్గడం మామూలే. ఒక మార్కు, అంతకుమించి తగ్గితే పశువు ఎదకు రావడం ఆలస్యమవుతుంది. ఎద ఆలస్యమైతే తర్వాతి ఈత ఆలస్యం, వట్టిపోయిన కాలం ఎక్కువ. కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది. అందుకే ఒంటి మార్కు ఇంటి లెక్కకు సంబంధించిన విషయం. 2 కంటే తక్కువున్న పాడి పశువును పాలు ఎన్ని చెప్పినా తీసుకోవద్దు. 4 దాటిన చూడి పశువుకు ఈనేటప్పుడు కష్టం, ఈనాక జబ్బులు ఎక్కువ.

సంతలో మోసపోకుండా

ఉబ్బిన పొట్ట మంచి ఒంటికి గుర్తు కాదు. ఉప్పు తినిపించి నీళ్లు తాగించి ఉండవచ్చు, నట్టలు ఉండవచ్చు. దవడ కింద నీరు దిగితే కాలేయపు జలగలని అనుమానించాలి. పొదుగు నిండుగా కనిపిస్తే ఒక పూట పాలు పిండకుండా ఆపి ఉండవచ్చు. ఒక సాయంత్రం పూర్తిగా పిండించేసి, మర్నాడు ఉదయం, సాయంత్రం ఎదురుగా పిండించి కొలవాలి. నాలుగు చన్నులూ విడివిడిగా చూడాలి.

వయసు కింది దవడ పళ్లు చెబుతాయి. ఆవుకు సుమారు రెండేళ్లు దాటాక మొదటి రెండు శాశ్వత పళ్లు వస్తాయి, ఐదేళ్లకు అటూ ఇటూగా ఎనిమిదీ పూర్తవుతాయి. గేదెకు ఇంకా ఆలస్యం. ఎనిమిదీ వచ్చి అరిగిన పశువును 'రెండో ఈత' అంటే ఒప్పుకోవద్దు. బీమా చెవి ట్యాగ్ వేయించి, నంబరు సొంతంగా రాసుకోవాలి. ట్యాగ్ పోతే పరిహారం పోయినట్టే.

జాతి కంటే ముందు మేత

పశువుకు రోజూ బరువులో 2.5 నుంచి 3 శాతం ఎండు పదార్థం కావాలి. అంటే 400 కిలోల గేదెకు 10 నుంచి 12 కిలోలు. రోజుకు 20 కిలోల పచ్చిమేత పెట్టినా ఏడాదికి 7 టన్నులు దాటుతుంది. ఇది కాక వరిగడ్డో చొప్పో కావాలి. ఒంటి పోషణకు కిలోన్నర దాణా, గేదె ఇచ్చే ప్రతి రెండు లీటర్ల పాలకు ఇంకో కిలో. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో సాగు విస్తీర్ణంలో వారి వాటా 9 శాతం లోపే. మేత పండించే చెలక లేని ఇంటికి 'ఎక్కువ పాల జాతి' అంటే మేత కొనే ఖర్చు ఎక్కువని అర్థం.

ముర్రా హర్యానా నుంచి వచ్చిన గేదె జాతి. పాలలో వెన్న 7 శాతం దాకా ఉంటుంది కాబట్టి వెన్న శాతాన్ని బట్టి ధర కట్టే కేంద్రంలో లాభం. మేత బాగా కావాలి, ఒళ్లు చల్లబరచడానికి నీళ్లు కావాలి. వరిగడ్డి, నీటి వసతి ఉన్న చోట గ్రేడెడ్ ముర్రా నయం.

హెచ్‌ఎఫ్ సంకర ఆవు పాలు ఎక్కువిస్తుంది, ఎండకు తట్టుకోదు. జెర్సీ సంకరం చిన్నది, తక్కువ మేతతో నడుస్తుంది, వేడిని కొంత ఓర్చుకుంటుంది. పచ్చిమేత, షెడ్డు, దగ్గర్లో పశువైద్యం లేకపోతే హెచ్‌ఎఫ్ జోలికి పోవద్దు.

ఒంగోలు సేద్యపు పశువు, పాలు తక్కువ. పొట్టి పుంగనూరుకు ఇప్పుడున్న ధర సరదాకు పెంచేవాళ్లు కట్టినది, పాల డబ్బుతో ఆ ఖర్చు రాదు. మరాఠ్వాడా, బీదర్ వైపు దేవని, నల్లమలలోని పొడ తూర్పు మేపు మీద బతికే జాతులు. తిరిగి మేసే బీడు మిగిలి ఉంటేనే అవి పనికొస్తాయి.

ముసలిదయ్యాక

ఈ లెక్క పథకాల కాగితాల్లో కనిపించదు. 1977 నాటి గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం ప్రకారం ఆవును వధించకూడదు. వట్టిపోయిన గేదెకు ధ్రువపత్రంతో కొంత ధర వస్తుంది, ముసలి ఆవుకు రాదు. 2017 మేలో కేంద్రం తెచ్చిన పశువుల సంతల నిబంధనలపై సుప్రీంకోర్టు జూలైలో దేశమంతా స్టే కొనసాగించింది. కానీ రోడ్డు మీద బండి ఆపేవాళ్లకు స్టే పట్టదు. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. ఆవా, గేదా అన్న ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఈ ప్రమాదాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఏం అడగాలి

పశువు పేరు రాసే ముందు లబ్ధిదారు, ముఖ్యంగా పాలు పిండే మహిళ, సంతకు వెళ్లి తానే ఎంచుకోవాలి. రెండు పూటల పాల కొలత, ఒంటి మార్కు, పళ్ల లెక్క కొనుగోలు కాగితంలో రాయించాలి. రెండు పశువుల యూనిట్ అయితే రెండోదాన్ని ఆరు నెలల తేడాతో ఇవ్వాలి. అప్పుడు ఒకటి వట్టిపోయినా ఇంకొకటి పాడిలో ఉంటుంది. యూనిట్‌తో పాటు మేతకు భూమి, లేదంటే ఊరి బీడులో మేపుకునే హక్కు అడగాలి. మేతకు దారి చూపకుండా పశువునిస్తే ఆ ఇంటికి మిగిలేది అప్పే.