వైద్య సూచికలు – శిశువుల ప్రాణములు

నెలలు నిండక పుట్టిన శిశువునకు మొదటి గండము ఊపిరి. పక్వము కాని ఊపిరితిత్తులు గాలితో సరిగా విచ్చుకొనవు. న్యూజీలాండులోని ఆక్లండు నగరమున లిగిన్స్, హోవీ అను వైద్యులు 1972లో ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. కాన్పు ముందుగా వచ్చునట్లున్న తల్లికి కార్టికోస్టెరాయిడ్ ఇంజక్షను నిచ్చినచో శిశువునకు ఊపిరి గండము తగ్గునని అందు తేలెను. అయినను అమెరికాలో నిపుణుల సభ ఆ చికిత్సను గట్టిగా సిఫారసు చేసినది 1994లో. నడుమ 22 ఏండ్లు గడచెను! ఈ ఆలస్యమునకు ఒక కారణము, అటువంటి ప్రయోగములన్నియు వేర్వేరు పత్రికలలో చెదరియుండుట.

చెదరినదానిని కూర్చు యత్నము అంతకు చాల ముందే మొదలయ్యెను. వాషింగ్టనులోని సైనిక వైద్య గ్రంథాలయమును నిర్వహించిన జాన్ షా బిల్లింగ్స్ 1879లో ‘ఇండెక్స్ మెడికస్’ అను నెలవారీ సూచికను ప్రారంభించెను. వైద్య వ్యాసములను విషయముల వారీగా చూపు పట్టిక అది. నర్సుల వ్యాసములకు సంచిత సూచిక యొకటి 1961లో వెలువడెను. నేటి ‘సినాల్’ దాని నుండి పెరిగినదే. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము 1964లో తన సూచికను కంప్యూటరు కెక్కించెను. టెలిఫోను తీగల మీదుగా దూరము నుండి వెదకుటకు వీలిచ్చు ‘మెడ్‌లైన్’ 1971లో ఏర్పడెను. 1997లో ‘పబ్‌మెడ్’ ద్వారా అది ఎల్లరకును ఉచితమయ్యెను.

వ్యాసము దొరకుట వేరు, నిజము తేలుట వేరు. ఆక్స్‌ఫర్డులో ఐయన్ చామర్స్ బృందమువారు కాన్పులకు సంబంధించిన ప్రయోగములను ఏరి కూర్చిరి. సూచికలలో దొరకనివానికై పత్రికల పుటలు తిరగవేసిరి. ఆ సారమును 1989లో గ్రంథముగా వెలువరించిరి. 1993లో అన్ని చికిత్సలకును ఇట్టి పనియే చేయుటకు కాక్రేన్ సంస్థ వెలసెను. దాని చిహ్నములోని అడ్డగీతలు పై ఇంజక్షను ప్రయోగముల ఫలితములే.

నర్సు గాని, మిడ్‌వైఫు గాని వీనిలో వెదకునపుడు ప్రశ్నను మొదట విడదీయవలెను: ఎవరికి? ఏమి చేసినచో? ఏ ఫలితము? ఒకే అర్థమిచ్చు మాటలను ‘లేదా’తో కలిపినచో వల విశాలమగును. వేర్వేరు భాగములను ‘మరియు’తో కలిపినచో అక్కరలేనివి తొలగిపోవును.

ఒకసారి వెదకి ఊరకుండరాదు. ఇదే మందును గ్రామసీమలకు విస్తరింపజేసిన పరిశోధన మన దేశముతో కలిపి ఆరు దేశములలో జరిగెను. మొత్తము మీద శిశుమరణములు తగ్గకపోగా కొంత పెరిగినవని 2015లో ప్రకటించిరి. మన దేశము పాల్గొన్న మరియొక పరిశోధనలో, గర్భము నెలలను స్కానింగుతో సరిగా లెక్కించి, తగిన సంరక్షణ గల ఆసుపత్రులలో ఇచ్చినపుడు మరణములు తగ్గినట్లు 2020లో తెలిసెను. మందు ఒక్కటే, ఎచ్చట, ఎవరికి, ఎట్లు అనునదియే ముఖ్యము. దానిని తెలిసికొనుటకే ఈ సూచికలు.