గడప దాటనివ్వని స్వాగతం

1883 నవంబరులో న్యూయార్క్ కవయిత్రి ఎమ్మా లాజరస్ పద్నాలుగు పాదాల కవిత ఒకటి రాసింది. ఫ్రాన్స్ నుంచి రాబోతున్న స్వేచ్ఛా విగ్రహానికి పీఠం కట్టడం కోసం చందాలు పోగుచేస్తుంటే, తన వంతుగా ఇచ్చిన కవిత అది. అందులో అమెరికా ఒక తల్లిగా నిలబడి లోకంలోని నిరుపేదలను, నిలువ నీడ లేనివాళ్లను రమ్మని పిలుస్తుంది. అంతకు ఏడాదిన్నర ముందే, 1882 మే 6న, అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ చైనా కూలీలెవరూ దేశంలో అడుగు పెట్టకూడదన్న చట్టం మీద సంతకం చేశాడు. ఫలానా జాతివాళ్లు రాకూడదని పేరు పెట్టి మరీ తలుపు మూసిన తొలి అమెరికా చట్టం అదే. 1886లో విగ్రహాన్ని ఆవిష్కరించిన నాడు లాజరస్ కవితకు చోటు దక్కలేదు. మరుసటి ఏడాది ఆమె 38 ఏళ్లకే కన్నుమూసింది. 1903లో ఒక స్నేహితురాలు పూనుకుని ఆ కవితను కంచు ఫలకం మీద వేయించి పీఠం లోపల పెట్టించేదాకా దాన్ని తలుచుకున్నవాళ్లు తక్కువ. అప్పటికి, పదేళ్లకని తెచ్చిన చైనీయుల నిషేధం మరో పదేళ్లు సాగి, గడువంటూ లేని చట్టంగా స్థిరపడిపోయింది.

ఈ చరిత్రను సాధారణంగా ఒక వరుసలో చెబుతుంటారు. మొదట అందరినీ ఆహ్వానించే ఆదర్శం ఉండేదని, మధ్యమధ్య దేశం దారి తప్పిందని, తప్పు తెలుసుకుని మళ్లీ దారికొచ్చిందని అంటారు. ఆ వరుస నిజం కాదని నా అభిప్రాయం. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాదే, 1790లో, తొలి పౌరసత్వ చట్టం వచ్చింది. రెండేళ్లు కాపురముంటే చాలు, పౌరసత్వం ఇస్తామంది. ఆ రోజుల్లో అరుదైన ఉదారత అది. కానీ ఆ వాక్యంలోనే షరతు కూడా ఉంది: వచ్చినవాడు బానిసత్వంలో లేని తెల్లవాడై ఉండాలి. పిలుపూ ఆంక్షా ఒకే కలం నుంచి, ఒకే వాక్యంలో పుట్టాయి.

అంతర్యుద్ధం ముగిశాక ఆ షరతును తుడిచేసే అవకాశం ఒకసారి చేతికి అందింది. 1870లో సెనేటర్ చార్లెస్ సమ్నర్ పౌరసత్వ చట్టాల్లోంచి ‘తెల్ల’ అన్న మాటే తీసేద్దామని ప్రతిపాదించాడు. చైనావాళ్లు పౌరులై ఓటర్లవుతారన్న భయంతో పడమటి రాష్ట్రాల సెనేటర్లు అడ్డుపడ్డారు. చివరికి తెల్లవాళ్లతోపాటు ఆఫ్రికా సంతతివాళ్లకూ హక్కు ఇచ్చి ఊరుకున్నారు. ఆసియావాళ్లు ఎటూ కాకుండా మధ్యలో మిగిలారు. ఆ తరువాత ఎనభై రెండేళ్లపాటు జరిగిన అన్యాయాలకు మూలం ఈ ఒక్క మాటలో ఉంది.

ఓటు ఎందుకంత ముఖ్యమో ఐర్లాండువాళ్ల సంగతి చూస్తే తెలుస్తుంది. 1840ల కరువులో బంగాళాదుంప పంట పోయి లక్షల మంది ఓడలెక్కి వచ్చారు. కాథలిక్కులని, తాగుబోతులని, పోపు గూఢచారులని వాళ్లను ఈసడించారు. వాళ్లకు వ్యతిరేకంగా ఒక రాజకీయ పార్టీయే లేచింది. అయినా వాళ్లు తెల్లవాళ్ల లెక్కలోకి వచ్చారు కాబట్టి పౌరులయ్యారు, ఓటు వేశారు. ఓటున్నవాణ్ణి ఎంత ద్వేషించినా ఎన్నికల నాడు అతని గుమ్మం తొక్కాల్సిందే. ఒక తరం తిరిగేసరికి న్యూయార్క్, బోస్టన్ నగరాల పాలన వాళ్ల చేతికొచ్చింది. చైనావాళ్లకు ఆ దారి లేదు. సెంట్రల్ పసిఫిక్ రైలు మార్గం కోసం సియెరా నెవాడా కొండల్లో మంచు కింద సొరంగాలు తొలిచిన పదివేలకు పైబడిన చైనా కూలీలకు అడగడానికి నోరుంది, వేయడానికి ఓటు లేదు. 1869లో ఆ మార్గం పూర్తయింది. పదమూడేళ్లకు నిషేధం వచ్చింది.

ఆ నిషేధం ఎలా పనిచేసిందో చే చాన్ పింగ్ అనే మనిషి కథలో కనిపిస్తుంది. అతను పన్నెండేళ్లు శాన్ ఫ్రాన్సిస్కోలో పనిచేసుకుని, 1887లో సొంత దేశం చూసి వద్దామని బయల్దేరాడు. వెళ్లేముందు తిరిగొచ్చే హక్కు ఉందంటూ ప్రభుత్వమే ఇచ్చిన ధ్రువపత్రం తీసుకున్నాడు. 1888 అక్టోబరు మొదట్లో అతని ఓడ తిరిగి రేవు చేరేసరికి ఆ పత్రానికి విలువ లేదన్నారు. అతను ఇంకా సముద్రం మీద ఉండగానే, వారం క్రితం, అలాంటి ధ్రువపత్రాలన్నిటినీ కాంగ్రెస్ ఒక్క చట్టంతో రద్దు చేసింది. సుమారు ఇరవై వేల మంది చేతుల్లో ఉన్నవి చిత్తుకాగితాలైపోయాయి. అతను సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1889లో ఓడిపోయాడు. విదేశీయులను రానివ్వడం, రానివ్వకపోవడం సార్వభౌమాధికారానికి చెందిన విషయమనీ, ఆ నిర్ణయాల్లో కోర్టులు జోక్యం చేసుకోవనీ న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఆ సిద్ధాంతపు నీడ ఇంకా తొలగిపోలేదు. ఇవాళ వీసా నిబంధనలు రాత్రికి రాత్రి మారిపోయి, సెలవుకు ఇంటికొచ్చిన ఇంజనీరు తిరుగు విమానం ఎక్కాలా వద్దా అని తల పట్టుకుంటే, దాని వెనక ఆ 1889 తీర్పు కూడా ఉంది.

గెలిచిన మనిషి కూడా ఒకడున్నాడు. వాంగ్ కిమ్ ఆర్క్ 1873లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. వంటవాడు. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, చైనా తల్లిదండ్రుల బిడ్డ అమెరికన్ ఎలా అవుతాడంటూ అధికారులు దిగనివ్వలేదు. నెలల తరబడి రేవులోని ఓడల మీదే నిర్బంధించారు. అమెరికా గడ్డ మీద పుట్టినవాడు అమెరికా పౌరుడేనని పద్నాలుగో రాజ్యాంగ సవరణ చెబుతోందని అతను వాదించాడు. 1898లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. జన్మతః వచ్చే పౌరసత్వానికి అమెరికాలో ఇంతకంటే గట్టి ఆధారం లేదు. తలుపు మూసిన చట్టాలను తెచ్చినవాళ్లు సెనేటర్లు, అధ్యక్షులు. రాజ్యాంగం మాటను ఉన్నదున్నట్టుగా నమ్మి కోర్టు మెట్లెక్కినవాడు ఒక వంటవాడు.

న్యూయార్క్ రేవులో 1892లో తెరిచిన ఎల్లిస్ ద్వీపం గురించి అందరూ చెప్పుకుంటారు. అక్కణ్ణుంచి కోటీ ఇరవై లక్షల మంది లోపలికి వచ్చారు. ఎక్కువమందికి కొన్ని గంటల్లో పని అయిపోయేది. పడమటి తీరాన, శాన్ ఫ్రాన్సిస్కో ఖాతంలో, 1910 నుంచి 1940 దాకా ఏంజెల్ ద్వీపం నడిచింది. అక్కడ పరీక్ష వేరు. చైనా నుంచి వచ్చిన కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, మీ ఇంటి ముందు మెట్లెన్ని, బియ్యం ఎక్కడ పోసుకుంటారు, మీ వీధిలో మూడో ఇల్లు ఎవరిదని అడిగేవాళ్లు. అవే ప్రశ్నలు అమెరికాలో ఉన్న తండ్రినీ అడిగి, జవాబులు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు. ఒక మెట్టు తేడా వచ్చినా అనుమానమే. వారాలు, నెలలు గదుల్లో మగ్గినవాళ్లు చెక్క గోడల మీద తమ భాషలో పద్యాలు చెక్కుకున్నారు. అధికారులు రంగు వేయించారు, సందుల్లో లప్పం పూయించారు. అక్షరాలు పోలేదు. 1970లో, ఆ భవనం కూల్చివేతకు సిద్ధంగా ఉన్న రోజుల్లో, ఒక పార్కు ఉద్యోగి టార్చిలైటు వెలుగులో వాటిని చూసి నలుగురికీ చెప్పాడు. స్వేచ్ఛా విగ్రహం కింది కవితతో సమానంగా ఈ గోడల పద్యాలనూ బడి పిల్లలకు చెప్పాలి.

భారతీయుల వంతు కూడా వచ్చింది. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ ఊళ్లో, కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీలను మూకలు కొట్టి తరిమేశాయి. 1917 చట్టం ఆసియాలో పెద్ద భాగాన్ని గీత గీసి నిషేధ మండలంగా ప్రకటించింది. మన దేశం అందులో పడింది. తరువాత భగత్ సింగ్ థింద్ పౌరసత్వ కేసు వచ్చింది. అమృత్‌సర్ ప్రాంతం నుంచి వచ్చిన థింద్ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేరినవాడు. అతని కేసులో తీర్పుకు మూడు నెలల ముందే తకావో ఒజావా అనే జపనీయుడు పౌరసత్వం అడుగుతూ నా చర్మం తెల్లనే కదా అంటే, రంగు కాదు, కాకేషియన్ జాతి అయి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. పండితులు ఉత్తర భారతీయులను కాకేషియన్లలోనే లెక్కిస్తున్నారని థింద్ అదే తీర్పును చూపించాడు. 1923 ఫిబ్రవరిలో అదే కోర్టు, పండితుల లెక్క కాదు, సామాన్య జనం ఎవరిని తెల్లవాడనుకుంటే వాడే తెల్లవాడని తేల్చింది. రెండు తీర్పులూ రాసింది ఒక్కరే, జస్టిస్ జార్జ్ సదర్లండ్. ఆయన ఇంగ్లండులో పుట్టి, పసివాడిగా అమెరికా చేరిన వలసదారు.

ఈ కేసులో మనం తలవంచుకోవాల్సింది ఒకటుంది. థింద్ తరఫు వాదన తెల్లవాళ్లనూ కానివాళ్లనూ వేరుచేసే గీతనే తప్పనలేదు. తాను అగ్రకులస్థుణ్ణనీ, ఆర్య రక్తాన్ని కలుషితం కాకుండా కాపాడుకున్న వర్గంవాణ్ణనీ, కాబట్టి తనను గీతకు ఇవతల చేర్చమనీ అడిగింది. సొంత ఊరి కులగర్వాన్ని వర్ణవివక్ష ముందు అర్హతపత్రంగా పెట్టింది. కోర్టు దాన్నీ లెక్కచేయలేదు.

ఆ తీర్పు తరువాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు యాభై మందికి పైగా దాన్ని పోగొట్టుకున్నారు. వైష్ణో దాస్ బగాయ్ భార్యాబిడ్డలతో 1915లో వచ్చి శాన్ ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టుకున్నవాడు. 1921లో పౌరుడయ్యాడు. తీర్పుతో అది పోయింది, వ్యాపారం చేతులు మారింది, స్వదేశం చూసి రావడానికి అమెరికా పాస్‌పోర్టు కూడా ఇవ్వబోమన్నారు. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఎందుకు చనిపోతున్నాడో ఉత్తరంలో రాసి పెట్టాడు, ఒక స్థానిక పత్రిక దాన్ని అచ్చువేసింది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు థింద్ తీర్పు రోజుల్లోనే బోస్టన్‌లో దిగారు. చదువుకోవడానికి వచ్చేవాళ్లకు నిషేధంలో మినహాయింపు ఉంది. ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందాల నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వచ్చాయి. ఆ మందులతో కోలుకున్న అమెరికన్లు ఎందరో. వాటిని తయారుచేయించిన మనిషి మాత్రం ఏళ్ల తరబడి చట్టం దృష్టిలో పౌరుడయ్యే అర్హతే లేని పరదేశి. 1948లో ఆయన అమెరికా పౌరుడు కాకుండానే పోయారు. అమెరికాలో తెలుగువాళ్ల చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం ఆయన ప్రతిభతో మొదలుపెట్టి ప్రతిభతోనే ఆపేస్తున్నాం. ఆ చట్టాన్ని కూడా చెప్పుకోవాలి.

1924 వలస చట్టం యూరప్‌లోనూ గీతలు గీసింది. 1890 జనాభా లెక్కలు తీసి, అప్పటికి అమెరికాలో ఉన్న ఒక్కో దేశంవాళ్లలో నూటికి ఇద్దరి చొప్పున కోటా కట్టారు. 1920 లెక్కలు చేతిలో ఉండగా ముప్పై నాలుగేళ్ల పాతవి ఎందుకు? ఇటలీవాళ్లు, తూర్పు యూరప్ యూదులు పెద్ద సంఖ్యలో వచ్చింది 1890 తరువాతే కాబట్టి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఏటా లక్షల్లో వచ్చిన ఇటలీకి ఏడాదికి 3,845 చోట్లు దక్కాయి, జర్మనీకి 51,227. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వలస రావడానికీ వీల్లేదని చెప్పి జపాన్‌కు కూడా తలుపు వేసేశారు. పదిహేనేళ్లకు ఈ లెక్కల ఫలితం సముద్రం మీద కనిపించింది. 1939లో హాంబర్గ్ నుంచి 937 మందితో బయల్దేరిన సెయింట్ లూయీ ఓడలోంచి కొద్దిమందిని తప్ప హవానాలో దిగనివ్వలేదు. ప్రయాణికుల్లో దాదాపు అందరూ యూదులు. మయామీ దీపాలు కనిపించేంత దగ్గరగా వచ్చినా అమెరికా రానివ్వలేదు. ఓడ యూరప్‌కు తిరిగి వెళ్లింది. వాళ్లలో 254 మంది నాజీల మారణహోమంలో చనిపోయారు. అదే ఏడాది ఇరవై వేల మంది శరణార్థి పిల్లలకు కోటాతో పని లేకుండా చోటివ్వాలన్న బిల్లు కాంగ్రెస్‌లో ఓటుదాకా రాకుండానే ఆగిపోయింది.

రెండో ప్రపంచయుద్ధంలో చైనా మిత్రదేశం కాబట్టి 1943లో నిషేధం ఎత్తేసి ఏటా 105 మందికి చోటిచ్చారు. 1946లో మనకు 100. పౌరసత్వంలో జాతి షరతు 1952లో పోయింది. ఈ సంఖ్యలు చూసి మురిసిపోవాల్సింది ఏమీ లేదు.

అసలు మార్పు 1965లో వచ్చింది. ఆ అక్టోబరు 3న లిండన్ జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర కూర్చుని జాతి కోటాలను రద్దు చేసే చట్టం మీద సంతకం పెట్టాడు. దాన్ని ప్రతిపాదించినవాళ్లలో ఒకరైన బ్రూక్లిన్ సభ్యుడు ఇమాన్యుయేల్ సెల్లర్, 1924లో కొత్త సభ్యుడిగా ఆ కోటాలను ఎదిరించి ఓడినవాడు. నలభై ఒక్క ఏళ్లు కాచుకున్నాడు. కానీ కాలం కలిసిరావడానికి కారణం వేరే ఉంది. నల్లజాతివాళ్లు అలబామా రోడ్ల మీద లాఠీ దెబ్బలు తిని 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కుల చట్టం సాధించారు. సొంత పౌరుల మధ్య రంగు తేడా చూపడం నేరమని ఒప్పుకున్నాక, వలసదారుల మధ్య చూపించడం ఎలా కుదురుతుంది? గుంటూరు, విశాఖ, హైదరాబాదు వైద్య కళాశాలల్లో చదివి అమెరికా వెళ్లిన డాక్టర్ల తరానికి దారి వేసింది ఆ పోరాటం. మేం క్యూలో నిలబడి, ప్రతిభతో వచ్చామనే మాట మన సభల్లో తరచు వింటాను. ఆ క్యూ ఉందంటే దాని కోసం ఎవరు దెబ్బలు తిన్నారో మన పిల్లలకు చెప్పకపోవడం కృతఘ్నత.

అదే చట్టం మరో చోట తలుపు మూసింది. అప్పటిదాకా మెక్సికోకు సంఖ్యా పరిమితి లేదు, టెక్సస్, కాలిఫోర్నియా భూస్వాములకు కూలీలు కావాలి కాబట్టి. 1930ల మాంద్యంలో మెక్సికన్లను, వాళ్లలో అమెరికాలోనే పుట్టిన పౌరులను కూడా, రైళ్లెక్కించి పంపేశారు. యుద్ధంలో మళ్లీ ఒప్పందం మీద పిలిపించుకున్నారు. 1954లో మళ్లీ తరిమారు. 1965 చట్టం పశ్చిమార్ధగోళానికి తొలిసారి పరిమితి పెట్టింది. తరతరాలుగా పంటకు వచ్చి వెళ్లేవాళ్లలో ఎందరో దానితో అక్రమ వలసదారులయ్యారు.

ఇప్పటి పరిమితి దేశాల వారీగా ఉంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏటా సుమారు లక్షా నలభై వేలు. ఒక్కో దేశానికి నూటికి ఏడు. ఐస్‌లాండుకూ భారతదేశానికీ ఒకటే వాటా. ఆ వరుసలో తెలుగు ఇళ్లు వేలాదిగా ఉన్నాయి. నాన్న పేరు ముందుకు జరిగేలోపు ఇరవై ఒక్క ఏళ్లు నిండి, తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోతున్న పిల్లలున్నారు.

2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఒకటి ఇచ్చాడు. అక్రమంగా వచ్చినవాళ్ల పిల్లలకే కాదు, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డుదారో కాకపోతే ఆ బిడ్డకూ జన్మతః పౌరసత్వం లేదన్నాడు. హెచ్-1బీ మీద, విద్యార్థి వీసా మీద ఉండి కాన్పుకు సిద్ధమవుతున్న కుటుంబాలు ఒక్కసారిగా ఆ పరిధిలోకి వచ్చాయి. రోజుల వ్యవధిలోనే రాష్ట్రాలు, సంఘాలు, గర్భిణులు కోర్టులకెక్కారు. వాళ్ల న్యాయవాదులు దాఖలు చేసిన వాదనలకు ఆధారం 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు.