రాయచూరు జిల్లా: పంచిన భూమి, కొన్న భూమి, సర్కారు గని

కమ్యూనిజంలో సామాన్యుడి బతుకు మెరుగా, పెట్టుబడిదారీ విధానంలో మెరుగా అన్న వాదన ఎప్పుడూ సోవియట్ యూనియన్, అమెరికాల చుట్టూ తిరుగుతుంది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఆ వాదనను ఊరి స్థాయిలో చూడవచ్చు. ఇక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం ఏనాడూ లేదు. కానీ 1948 దాకా ఈ జిల్లా నల్లగొండ, వరంగల్లులతో పాటు నిజాం ఏలుబడిలో ఉంది. ఇప్పుడు తెలంగాణలో ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు 1956 నవంబరు 1 వరకు రాయచూరు జిల్లాలోవే. ఒకే ఏలుబడి కింద ఉన్న పల్లెలు ఆ తర్వాత వేర్వేరు దారులు పట్టాయి. నల్లగొండ వైపు కమ్యూనిస్టులు భూములు పంచారు. సింధనూరు వైపు డబ్బున్న రైతు భూములు కొన్నాడు. హట్టిలో భూమి కింది బంగారం సర్కారు సొత్తయింది.

నిజాం కాలం

జాగీర్లు, సంస్థానాలు, వెట్టిచాకిరి, దేశ్‌ముఖుల పెత్తనం హైదరాబాదు రాజ్యమంతటా ఉన్నవే. నిజాం ఫర్మానాలు వెట్టిని నిషేధించినా ఊళ్లో దొర మాటే చెల్లేది. దీన్ని పెట్టుబడిదారీ విధానం అనలేం. కూలివాడు తన శ్రమను నచ్చిన చోట అమ్ముకునే వీలు కూడా లేని వ్యవస్థ అది. తర్వాత వచ్చినవాటిని బేరీజు వేసేటప్పుడు మొదలు పెట్టాల్సింది ఈ మెట్టు నుంచే. చాలా వాదనల్లో ఇదే మరుగున పడుతుంది.

నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్లకు ఎదురు తిరగడంలోనూ ప్రాంతాల మధ్య తేడా ఉంది. తెలుగు జిల్లాల్లో జనం 'సంఘం' అని పిలిచిన ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ ముందుంటే, రాయచూరు వైపు హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరాలు నడిపింది. అళవండి శివమూర్తి స్వామి నాయకత్వంలోని ముండరగి శిబిరం వాటిలో పేరున్నది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించాక, 1949లో జాగీర్లు రద్దయ్యాయి.

పంచిన భూమి

1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య హత్యతో రాజుకున్న తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. పార్టీ లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో సంఘం పాలన నడిచింది, 10 లక్షల ఎకరాలు పేదలకు దక్కాయి. భూస్వామి ఉంచుకోదగ్గ గరిష్ఠ పరిమితిని మొదట 500 ఎకరాలుగా పెట్టి, క్రమంగా 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల మాగాణి దాకా తగ్గించారు. వెట్టి ఆగింది, కూలి రేట్లు పెరిగాయి. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడు సంఘంలో నిలబడి తీర్పు చెప్పాడు. ఓటు హక్కు ఇంకా రాని రోజుల్లో ఇది చిన్న స్వేచ్ఛ కాదు.

అయితే ఆ స్వేచ్ఛకు హద్దులూ ఉన్నాయి. స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో పోరాటంలో పాల్గొన్న స్త్రీలు స్వయంగా చెప్పిన కథనాలున్నాయి. ఉద్యమం తమకు ఇల్లు దాటే ధైర్యం ఇచ్చిందని చెప్పిన నోళ్లే, పెళ్లి నుంచి పిల్లల దాకా పార్టీ అనుమతి మీద ఆధారపడవలసి రావడాన్నీ, పోరాటం ముగిశాక ఇంటికి వెళ్లిపొమ్మనడాన్నీ చెప్పాయి. ఇక అవతలి పక్షం చేసినదాన్ని స్వేచ్ఛ అనడానికే వీల్లేదు. సైన్యం వచ్చాక వేలమందిని నిర్బంధించారు, పంచిన భూముల్లో చాలా భాగం మళ్లీ పాత యజమానుల చేతికి వెళ్లింది.

మొత్తం మీద ఈ ప్రయోగం మూడు నాలుగేళ్లు, అదీ యుద్ధం మధ్య నడిచింది. అది నిలబడి ఉంటే రైతు తన పొలం తానే ఉంచుకునేవాడో, సామూహిక క్షేత్రంలో కలపవలసి వచ్చేదో చెప్పడానికి ఆధారం లేదు. సోవియట్ యూనియన్‌లోనూ ముందు భూములు పంచారు, సామూహికీకరణ తర్వాత వచ్చింది.

కొన్న భూమి

తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరిలో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలిసి పునాది వేశాయి. 1953 నాటికి నీరు నిలిచింది. 227 కిలోమీటర్ల ఎడమ కాలువ ఇప్పటి కొప్పళ, రాయచూరు జిల్లాల మీదుగా సాగుతుంది. కొప్పళ 1997 దాకా రాయచూరులో భాగమే. వానల మీద జొన్న, పత్తి పండించే నల్లరేగడి భూములకు కాలువ వస్తోందని తెలిసి కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల రైతులు తరలివచ్చారు. కోస్తాలో ఎకరం అమ్మిన డబ్బుతో ఇక్కడ అనేక ఎకరాలు వచ్చేవి. కాలువ గట్ల వెంట వాళ్లు కట్టుకున్న ఊళ్లనే నేటికీ క్యాంపులంటారు. గంగావతి దగ్గరి శ్రీరామనగర్ నుంచి సింధనూరు, మాన్వి తాలూకాల దాకా ఇవి కనిపిస్తాయి. రామాలయం, రైస్ మిల్లు, తెలుగు సినిమా పోస్టర్లు, సంక్రాంతి ముగ్గులు, ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. కమ్యూనిస్టు పార్టీకి బలమైన పునాదులున్న కృష్ణా డెల్టా పల్లెలే ఈ పెట్టుబడి సేద్యానికీ మనుషులను పంపాయి.

పెట్టుబడి పని చేసింది, అందులో సందేహం లేదు. తుమ్మలు కొట్టి, నేల చదును చేసి, ఎరువు, ట్రాక్టరు తెచ్చి ఈ రైతులు జిల్లాను వరి కొట్టంగా మార్చారు. రాయచూరు సోనామసూరి దేశమంతా అమ్ముడవుతోంది. అయితే ప్రాజెక్టు లెక్కల్లో ఎక్కువ భాగం ఆరుతడి పంటలకే నీరు. కాలువ పైభాగంలో ఆ లెక్క ఎవరూ పాటించలేదు. వరి నాట్ల రోజుల్లో తూముల దగ్గర రాత్రిళ్లు కాపలా కాస్తారు. షట్టరు ఎత్తి రాయి అడ్డం పెడతారు, తూములు చూసే లస్కరును బతిమాలో బెదిరించో నీరు మళ్లిస్తారు. కాలువ చివర, మాన్వి, రాయచూరు తాలూకాల్లోని చివరి ఆయకట్టు రైతు కాగితం మీద మాగాణి యజమాని, పొలంలో మెట్ట రైతు. పీటర్ మోలింగా 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' అన్న పుస్తకంలో ఈ నీటి పంపకం వెనకున్న పలుకుబడులను వివరంగా రాశాడు. భూమి ప్రైవేటుదీ, నీరు సర్కారుదీ అయినప్పుడు మార్కెట్టూ కాదు, ప్రణాళికా కాదు, పలుకుబడే నీటిని పంచుతుంది.

కూలీల సంగతి ఇంకొక తీరు. వరి నాట్లు, కలుపులు, కోతలు దళిత స్త్రీలకు పని దినాలు పెంచాయి. గుత్తకు ఒప్పుకున్న నాట్ల ముఠాలు రేటు బేరమాడగలిగాయి. అదే జిల్లాలో అప్పుకు బదులు ఏళ్లకేళ్లు ఒకే ఆసామి దగ్గర పడి ఉండే జీతగాళ్ల పద్ధతి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం (1976) వచ్చాక కూడా బయటపడుతూ వచ్చింది. కౌలుదారుల విషయంలో దేవరాజ్ అరసు ప్రభుత్వం భూసంస్కరణల చట్టానికి తెచ్చిన 1974 సవరణతో కౌలు భూములను సర్కారుకు దఖలు పరచి, ట్రిబ్యునళ్ల ద్వారా సాగుదారుకు హక్కు ఇప్పించింది. తుపాకీ లేకుండా, ఓటుతో వచ్చిన పంపకం అది. కౌలు కాగితం లేనివాళ్లకు మాత్రం అందలేదు.

జీవన ప్రమాణం: అంకెలు

వరి పండినా జిల్లా పైకి రాలేదు. 2005లో వెలువడిన కర్ణాటక మానవాభివృద్ధి నివేదికలో 27 జిల్లాల్లో రాయచూరుది చివరి స్థానం. 2011 జనగణనలో జనాభా 19.29 లక్షలు, అక్షరాస్యత 59.56 శాతం. అప్పటి రాష్ట్ర సగటు 75.36. ప్రాంతీయ అసమానతలపై వేసిన నంజుండప్ప కమిటీ 2002లో ఈ జిల్లాలోని దేవదుర్గను అత్యంత వెనుకబడిన తాలూకాల్లో చేర్చింది. రాజ్యాంగంలోని 371 (జె) అధికరణం కింద ప్రత్యేక హోదా దక్కినా, 2018లో కేంద్రం ఆకాంక్షిత జిల్లాల జాబితాలో రాయచూరు పేరు మళ్లీ ఉంది.

ఆర్థికవేత్త అమర్త్య సేన్ వాదన ఈ జిల్లాకు సరిగ్గా అతుకుతుంది. పత్రికలు, ప్రతిపక్షం ఉన్న భారతదేశం స్వాతంత్ర్యం తర్వాత చైనాలో 1959–61 నాటి కరువు లాంటిదాన్ని తప్పించుకుంది. కానీ రోజువారీ ఆకలిని తగ్గించడంలో చైనా కంటే వెనకబడింది. 2011లో రాయచూరు పిల్లల పోషకాహార లోపం టీవీల్లో, పత్రికల్లో వచ్చింది, హైకోర్టు కలగజేసుకుంది, జస్టిస్ ఎన్.కె. పాటిల్ కమిటీ ఏర్పడింది. వార్త రాసే స్వేచ్ఛ ఉండబట్టే సంగతి బయటపడింది. వార్త పడేదాకా ఆ పిల్లల బరువు ఎవరికీ పట్టకపోవడం కూడా ఈ వ్యవస్థలోని భాగమే.

సర్కారు గని

లింగసుగూరు తాలూకాలోని హట్టిలో 1887 నుంచి 1920 వరకు ప్రైవేటు యాజమాన్యంలోని హైదరాబాద్ దక్కన్ కంపెనీ బంగారం తవ్వింది. 1947లో నిజాం ప్రభుత్వం హైదరాబాద్ గోల్డ్ మైన్స్ స్థాపించింది. రాష్ట్రాల పునర్విభజన తర్వాత అది హట్టి గోల్డ్ మైన్స్‌గా కర్ణాటక ప్రభుత్వానిది. మల్లప్ప షాఫ్టు మీదుగా భూగర్భంలోకి దిగే కార్మికుడికి క్వార్టరు, ఆస్పత్రి, స్థిరమైన జీతం ఉంటాయి. చుట్టుపక్కల పల్లెల్లోని మెట్ట రైతుకు ఇవేవీ లేవు. సోషలిజం ఇస్తానన్న భద్రత జిల్లాలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

సోవియట్ గనికి హట్టికి ఉన్న తేడా యాజమాన్యంలో లేదు. రెండూ ప్రభుత్వానివే. హట్టిలో ఎర్రజెండా సంఘాలు ప్రత్యర్థి సంఘాలతో ఎన్నికల్లో తలపడతాయి, యాజమాన్యం మీద సమ్మె నోటీసు ఇస్తాయి. కార్మికుల రాజ్యమని చెప్పుకున్న దేశంలో, నోవోచెర్కాస్క్‌లో సమ్మెకు దిగిన కార్మికుల మీద 1962 జూన్‌లో కాల్పులు జరిపి, ఆ సంగతి దశాబ్దాల పాటు దాచారు. సర్కారు సొత్తు అయినంత మాత్రాన భద్రత శాశ్వతమూ కాదు. కర్ణాటకలోనే, కేంద్రం చేతిలోని కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

ఊరు విడిచే స్వేచ్ఛ

సోవియట్ యూనియన్‌లో 1932లో తెచ్చిన అంతర్గత పాస్‌పోర్టు సామూహిక క్షేత్రాల రైతుల్లో అత్యధికులకు 1974 దాకా దక్కలేదు. అది లేకుండా పట్నంలో స్థిరపడటానికి వీల్లేదు. రాయచూరు కూలీకి అలాంటి అడ్డు లేదు. పంట పని అయిపోగానే కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని రాత్రి బస్సెక్కి బెంగళూరు భవన నిర్మాణాలకు వెళ్తాయి. దీన్ని స్థానికంగా గుళే అంటారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లల బడి, రేషను, ఓటు మాత్రం వెనకే ఉండిపోతాయి. బలవంతంగా ఊరికి కట్టేయడాన్నీ, ఆకలికి ఊరు వదలడాన్నీ ఒకే త్రాసులో వేసి సమానమనడం తప్పు. మొదటి దానిలో ఎదురు తిరిగితే జైలు, రెండో దానిలో సంఘం పెట్టుకునే వీలుంది. కానీ గుళే వెళ్లేవాళ్లను స్వేచ్ఛా శ్రామికులని పొగడటం కూడా అతిశయమే.

ఇప్పటి వివాదాలు

వ్యవసాయేతరులు సాగుభూమి కొనకుండా అడ్డుకున్న భూసంస్కరణల చట్టంలోని 79ఎ, 79బి సెక్షన్లను కర్ణాటక 2020లో తొలగించింది. రైతు సంఘాలు, వామపక్షాలు దీన్ని వ్యతిరేకించాయి. అమ్ముకునే స్వేచ్ఛ పెరిగిందన్నది ప్రభుత్వ వాదన. కాలువ కింద మాత్రం ఎవరి భూమిలో ఏ పంట అన్నది నేటికీ పూర్తిగా యజమాని చేతిలో లేదు. పూడికతో తుంగభద్ర రిజర్వాయరు సామర్థ్యం మొదటి 133 టీఎంసీల నుంచి సుమారు 105కు పడిపోయింది. రెండో పంటకు నీరు వదలాలా వద్దా అన్నది ఏటా సాగునీటి సలహా సంఘం తేలుస్తుంది. వదిలిన ఏడాది కూడా మాన్వి చివరి తూము దాకా అది చేరడం, పైన క్యాంపుల్లో ఎన్ని ఎకరాలకు నారు పోశారన్న దాన్ని బట్టి ఉంటుంది.