చివరి ఆయకట్టు

ముగింపు ముందే చెప్పేస్తాను, ఆశ పెట్టుకోకుండా వింటారని. పద్మ నిలబడలేదు. అది ఏ చట్రాన్ని పట్టుకుని అల్లుకుందో ఆ చట్రాన్నే 2017 నవంబరు 14న తీసేశారు. ఆ రోజు వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57లో పాత పద్ధతిలో రాసిన పొడిగింతలకు చోటు లేదు. ఎవరెవరో, ఎక్కడెక్కడో, రాత్రులు మేలుకుని రాసిన వేల పొడిగింతలు ఆ రోజుతో మూగబోయాయి.

పద్మ మనిషి కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న పనిముట్టు. నాగార్జున వెన్న 2005 ప్రాంతంలో దాన్ని రాసి, సోర్స్ కోడుతో సహా లోకానికి వదిలేశారు. రూపాయి అడగలేదు. అయినా దాన్ని తలుచుకున్నప్పుడల్లా పోయిన మనిషిని తలుచుకున్నట్టే ఉంటుంది నాకు.

అప్పట్లో సూర్యాపేటలో, హైవే పక్క సందులో, నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటర్ నడిపేవాణ్ని. ఆ రోడ్డు అప్పటికింకా తొమ్మిదో నంబరు జాతీయ రహదారే. కోదాడ నుంచి ఇంజనీరింగ్ పిల్లలు ఫలితాలు చూసుకోను వచ్చేవాళ్లు. మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తా ఒకాయన ఊళ్లో పని చూసుకుని, అమెరికాలో ఉన్న కొడుకుకు మెయిల్ కొట్టించుకుని, పోయేముందు తప్పకుండా అడిగేవాడు: "తమ్ముడూ, జర పేపరు చూపియ్యవా?"

చూపించడం అంత తేలిక కాదు. ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. ఒక్కో తెలుగు పత్రిక వెబ్‌సైటుకు ఒక్కో సొంత ఫాంటు. పైకి కనిపించేది తెలుగే, లోపల ఉన్నవి మాత్రం పరాయి లిపుల కోడ్లు. వాటి మీద మన అక్షరాల బొమ్మలు అతికించి ఉండేవి. ఆ ఫాంటు దిగితే వార్త కనిపించేది. దిగకపోతే టోపీ పెట్టుకున్న 'ఏ'లు, నెత్తిన రెండు చుక్కలున్న 'యూ'లు, పౌండు గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు. ఫైర్‌ఫాక్స్‌లో ఆ ఫాంట్లు దిగేవి కావు. అందుకే తెర నిండా ఆ గుర్తుల పొట్టే రాలేది.

మొదటిసారి పద్మను ఎక్కించిన సాయంత్రం నాకు బాగా గుర్తు. ముందు విండోస్ ఎక్స్‌పీ సీడీ పెట్టి, కాంప్లెక్స్ స్క్రిప్టుల గడిలో టిక్కు కొట్టి, కంప్యూటరును ఆపి మళ్లీ లేపితేగాని గౌతమి ఫాంటు సరిగా పలకలేదు. తర్వాత పద్మ. తర్వాత పత్రిక పేజీ తెరిచాను. ఎప్పటిలాగే పొట్టు వచ్చింది. అంతలోనే చేటతో చెరిగినట్టు ఆ గుర్తులన్నీ ఎగిరిపోయి, కింద తెలుగు మిగిలింది. గుణింతాలతో, ఒత్తులతో, వెతికితే దొరికే తెలుగు, కాపీ చేసి మెయిల్‌లో అతికించగలిగే తెలుగు. గుమాస్తా కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. ఆ రోజు మిర్యాలగూడ బస్సులు రెండు వదిలేసుకుని చదువుతూ కూర్చున్నాడు.

పద్మ చేసిన మేలు అక్కడితో ఆగలేదు. వీవెన్ తయారుచేసిన లేఖిని అనే రాత పనిముట్టుకు ఆధారం పద్మ కోడే. ఇంగ్లిషు మీటలు కొట్టి తెలుగు రాసిన తొలి బ్లాగర్లు ఎందరో ఆ గట్టు మీదుగానే నడిచి వచ్చారు. ఒకరు తవ్విన బావిలో ఇంకొకరు గిలక కట్టారు, ఊరంతా తోడుకుంది. సోర్స్ కోడు తెరిచిపెట్టడమంటే ఏమిటో నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు, అక్కడ నేర్చుకున్నాను.

ఇక ఆ చట్రం కథ. దాన్ని తలుచుకుంటే ఇంకా గుబులుగా ఉంటుంది, ఎందుకంటే అది పుట్టిందే ఒక పెద్ద కూల్చివేతలో.

నెట్‌స్కేప్ ఒకప్పుడు బ్రౌజర్ల రాజు. మైక్రోసాఫ్ట్ పోటీకి సింహాసనం కదలడం మొదలయ్యాక, 1998 మార్చి 31న తన సోర్స్ కోడును లోకం ముందు పరిచింది. పరిచాక చూస్తే కోడు చిక్కులుపడి ఉంది. బాగుచేయాలా, కొత్తగా రాయాలా? ఆ ప్రశ్నతో నెలలు గడిచాయి. అదే ఏడాది అక్టోబరు 26న తేల్చారు: పాతది పక్కన పెట్టేద్దాం, గెకో అనే కొత్త ఇంజను మీద మొదటి నుంచి కడదాం. నెల తిరక్కుండానే నెట్‌స్కేప్‌ను ఏఓఎల్ కొనబోతోందన్న ప్రకటన వచ్చింది. కోడు తెరిచిన రోజుకు సరిగ్గా ఏడాదికి, 1999 మార్చి 31న, ఆ ప్రయత్నానికి గొంతుగా నిలిచిన జేమీ జవిన్‌స్కీ రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

నాలుగో వెర్షన్ తర్వాత ఐదోది ఎన్నడూ రాలేదు. జనం ఎదురుచూశారు, విసిగారు, వేరే దారి పట్టారు. పాత ఇంటికి పైకప్పు నేయించుకుంటూ అందులోనే కాపురముంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. వాళ్లు ఇల్లు మొత్తం విప్పేసి రెండేళ్లు వానలో నిలబడ్డారు. చివరికి నెట్‌స్కేప్ 6 వచ్చిన రోజు ఏదో తెలుసా? 2000 నవంబరు 14. పదిహేడేళ్ల తర్వాత పద్మ ఆగిపోయిన తేదీ కూడా అదే. ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ నా చేయి ఆగుతుంది.

ఆ నెట్‌స్కేప్ 6 నత్తలా నడిచింది, పోయిన జనం వెనక్కి రాలేదు. 2003 జులైలో నెట్‌స్కేప్ బృందాన్నే రద్దు చేశారు. కానీ ఆ శిథిలంలోంచి ఒక మొలక లేచింది. కొత్త కోడు కోసం తయారుచేసుకున్న చట్రం, జూల్ అని పిలిచేవారు దాన్ని, బ్రౌజర్ తలుపులూ కిటికీలూ అన్నీ బయటివాళ్లు కూడా మార్చుకోగలిగేటంత వెసులుబాటుగా తయారైంది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 ఆ చట్రంతోనే వచ్చింది. ఎక్కడో ఉన్న ఒక తెలుగువాడు ఎవరి అనుమతీ అడక్కుండా బ్రౌజర్ కడుపులోకి చేయి పెట్టి, పేజీలోని అక్షరాల్ని తిరగరాయగలిగాడంటే ఆ వెసులుబాటు వల్లే. నెట్‌స్కేప్‌ను బలిగొన్న తిరగరాతే పద్మకు నేల అయింది. పద్మను బలిగొన్నదీ తిరగరాతే.

మళ్లబోయి మళ్లని మలుపులు ఉన్నాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టేవి అవే. 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చింది. ఒక ట్యాబు పడిపోతే మిగతావి పడిపోకుండా, దేనికది వేరుగా నడిచే కట్టడం దానిది. ఫైర్‌ఫాక్స్‌ను కూడా అలా మార్చే పని మరుసటి ఏడాదే మొదలైంది. అదే 2009లో జెట్‌ప్యాక్ పేరుతో పొడిగింతలకు ఒక కొత్త దారి కూడా వేశారు: బ్రౌజర్ కడుపులో చేయి పెట్టకుండా, గడప దగ్గర నిలబడి అడిగి పని చేయించుకునే దారి. ఈ రెండూ నెమ్మదిగా, చేయీచేయీ పట్టుకుని సాగి ఉంటే, పాత పొడిగింతలు ఒక్కొక్కటే కొత్త గట్టుకు చేరేవి. ఎనిమిదేళ్ల వ్యవధి ఉండేది. కానీ 2011లో మొదటి పనిని పక్కన పెట్టేశారు. 2013లో మళ్లీ ఎత్తుకునేసరికి కాలువలో నీళ్లు చాలా పోయాయి. జెట్‌ప్యాక్ దారి కూడా చివరికి మూసుకుపోయింది.

నిర్ణయం తీసుకున్నవాళ్లను నేను తిట్టలేను. ప్రతి పొడిగింతా బ్రౌజర్ నరాల్ని నేరుగా పట్టుకుని ఉంటే, లోపల ఏ చిన్న మరమ్మతు చేసినా ఎవరిదో ఒకరిది తెగుతుంది. భద్రతకూ ముప్పే. మార్చకపోతే ఫైర్‌ఫాక్స్ మొత్తమే మిగిలేది కాదేమో. 2015 ఆగస్టు 21న ముందుగానే ప్రకటించారు కూడా. రెండేళ్లకు పైగా గడువు. ఎవరి పొడిగింతను వాళ్లు కొత్త పద్ధతిలో తిరగరాసుకోవాలి.

ఎవరి పొడిగింతను వాళ్లు. ఈ మాట దగ్గరే నాకు మా కాలువ గుర్తొస్తుంది. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దాటుకుంటూ ఖమ్మం వైపు పోతుంది. తూము దగ్గరి మడికి నీళ్లు ఎప్పుడూ ముందే అందుతాయి. కాలువ బాగుచేస్తామని నీళ్లు ఆపినప్పుడు ఆ మడికి ఒక పంట పోతుంది, మళ్లీ ఏడు తేరుకుంటుంది. చివరి ఆయకట్టు రైతు మాత్రం ఆ లోపే ఎడ్లు అమ్ముకుని ఉంటాడు. లక్షల మంది వాడే పొడిగింతలకు తిరగరాసే చేతులు దొరికాయి. పత్రికలు ఒక్కొక్కటే యూనికోడ్‌కు మారిపోయాక పద్మ అవసరం ఎవరికుంది? పాత పేజీలు దాచుకున్న మాలాంటి కొద్దిమందికి. మేం ఆయకట్టు చివర ఉన్నాం.

నేను ఆ ప్రకటన చదవలేదు. అప్పటికి సెంటర్ మూసేసి, పెళ్లికార్డుల డీటీపీలో పడ్డాను. జావాస్క్రిప్టు అంతో ఇంతో వచ్చు నాకు. కోడు తెరిచే ఉంది, లైసెన్సు తాకొద్దనలేదు. రెండేళ్లలో నలభై ఆదివారాలు కూర్చుని ఉంటే ఏదో ఒక ముక్క కొత్త గట్టుకు తెచ్చేవాణ్నేమో. కూర్చోలేదు. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకునేంత ఆలోచన కూడా చేయలేదు.

2018 ఎండాకాలం, మా మేనమామ కోదాడ నుంచి వచ్చాడు. చొక్కా జేబులోంచి రుమాల్లో చుట్టిన సీడీ తీశాడు. దాని మీద నా చేతిరాతే: 2006. ఆ ఏడాది మా అత్త బడి పంతులమ్మగా రిటైరైనప్పుడు ఒక దినపత్రిక జిల్లా పేజీలో సన్మానం వార్త పడింది. ఆ పేజీని నేనే సీడీలో కొట్టిచ్చాను. అత్త పోయి అప్పటికి మూడు నెలలు.

కొత్త కంప్యూటర్లో తెరిచాను. ఫొటో వచ్చింది. మెడలో దండ, పక్కన బడి పిల్లలు. ఫొటో కింద టోపీల 'ఏ'లు, చుక్కల 'యూ'లు.

మామ తెర దగ్గరికి వంగాడు. "ఇండ్ల మీ అత్త పేరు ఏడున్నది అల్లుడా?"

"ఉన్నది మామా. కనిపిస్తలేదంతే."

పాత డిస్కులో పద్మ ఫైలు ఒకటి దొరికింది. ఎక్స్‌పీఐ అని ఉంటుంది, నిజానికి జిప్ మూటే. విప్పాను. లోపల పత్రికల ఫాంట్లకు పట్టికలు: ఈ గుర్తుకు ఈ అక్షరం, ఈ గుర్తు వెనక ఇది వస్తే ఈ ఒత్తు. వరస వెంట వరస, ఎవరో ఎన్ని రాత్రులు కళ్లు పోగొట్టుకుని ఒక్కొక్క గుర్తునూ పోల్చుకుని రాసినవో. పద్మకు ఊపిరి లేదు, అది చదువుకున్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

వార్త మొత్తం మార్చే ఓపిక ఆ పూట లేదు. ఫొటో కింది వరస ఒక్కటి తీసుకుని, వేలు పెట్టి, పట్టికలో వెతుక్కుంటూ, పెళ్లికార్డు వెనకవైపు పెన్నుతో ఒక్కో అక్షరం రాశాను. మామ పక్కనే స్టూలు మీద కూర్చుని, రాసిన అక్షరం రాసినట్టు పైకి చదివాడు. మూడో అక్షరం దగ్గర గొంతు రాలేదు.

తర్వాత ఆ కార్డును నాలుగు మడతలు పెట్టి, సీడీతో పాటు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, కోదాడ బస్సుకు టైమైందని లేచాడు.